గువ్వలమిట్టకు యుద్ధం మంజూరైంది

గువ్వలమిట్టకు చరిత్ర లేదన్న సంగతి రెడ్డెమ్మకు ఒక సోమవారం పొద్దున బడి గేటు దగ్గర తెలిసింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ ఊళ్లో ఆమెకు చాలా లోట్లు కనబడ్డాయి. కుళాయిలో నీళ్లు చాలవు. వీధి దీపం దానికి బుద్ధి పుట్టినప్పుడే వెలుగుతుంది. బస్సు ఊరి మొగదల దాకా వచ్చి అక్కడే తిరుక్కుని పోతుంది. అయితే చరిత్ర కూడా లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంబంధం చూసేటప్పుడు ఇట్లాంటివి అడగాలని వాళ్ల నాన్నకు తోచి ఉండదు.

"మీ పుట్టినూరు నాగులవంకకూ లేదంటమ్మా," అన్నారు హెడ్మాస్టరు ఖాదర్‌వలీ సారు, ఆమె బాధపడుతుందేమోనని.

ఈ రెండూళ్ల మధ్య ఒక ఎత్తయిన దిన్నె ఉంది. దాని పేరు నడిమిదిన్నె. రెండూళ్ల పిల్లలకూ కలిపి ఒకే బడి ఆ దిన్నె మీద ఉంది. రెడ్డెమ్మ చిన్నప్పుడు తూర్పు నుంచి దిన్నె ఎక్కి ఆ బడికి వచ్చేది. ఇప్పుడు కూతురు జశ్వితను దింపడానికి పడమటి నుంచి ఎక్కి వస్తోంది. ఐదో తరగతి అయ్యాక ఆమె మండలంలోని హైస్కూలుకు బస్సులో పోయింది. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా ఆ బస్సును రద్దు చేశారు. బస్సుతో పాటే ఆమె చదువూ రద్దయింది. ఆనాటి నుంచి బస్సు మీద ఆమెకు నమ్మకం లేదు. జశ్విత ఒకటో తరగతిలో చేరిన రోజే, ఈ బడి నడక దూరంలో ఉన్నంత కాలం తన బిడ్డ చదువుకు ఢోకా లేదని లెక్క వేసుకుని కాస్త ఊపిరి పీల్చుకుంది. జలుబు, దారిలో కుక్కలు, తప్పిపోయే పలకలు ఇట్లాంటి మామూలు భయాలు మాత్రం మిగిలాయి.

"చరిత్ర లేకుంటే ఏమైతాది సార్?" అని అడిగింది.

ఖాదర్‌వలీ సారు చేతిలోని కాగితం చదివారు. కొత్తగా పుట్టిన గత వైభవ శాఖ దాన్ని పంపింది. చారిత్రక స్ఫూర్తి లేని గ్రామములలోని విద్యార్థులు స్ఫూర్తి లేకుండానే చదువుచున్నట్లు శాఖ దృష్టికి వచ్చిందట. కావున ప్రతి గ్రామమూ ఉగాదిలోగా కనీసం ఒక చారిత్రక ఘట్టమును సమకూర్చుకొనవలెను. సమకూర్చుకొనలేని గ్రామముల బడులను, చరిత్ర గల బడులలో విలీనము చేయుదురు.

"చరిత్ర గల బడి యాడుంది సార్?"

"మండలంలో. బస్సు పెడతారంట."

రెడ్డెమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని తనే మళ్లీ మొదటి నుంచి చదివింది.

*

ఆ వారంలోనే శాఖ ఉపసంచాలకులు మార్కండేయులు గారు జీపులో దిగారు. బడి వరండాలో రెండూళ్ల జనం కూర్చున్నారు. రెడ్డెమ్మ తన అత్త సాలమ్మ పక్కన, చెప్పులు దొంగలపాలు కాకుండా కాళ్ల కింద పెట్టుకుని కూర్చుంది.

"గ్రామ ప్రజలారా," అన్నారు మార్కండేయులు గారు. "గతము అనునది జాతికి వెన్నెముక. వెన్నెముక లేని గ్రామములు మన జిల్లాలో ఇంకనూ మిగిలి ఉండుట మా శాఖకు తీరని వెలితి. మీరు ఆందోళన చెందవలసిన పని లేదు. మీ గతమును మీకు అందజేయుటకే మేము వచ్చియున్నాము."

"ఎప్పట్నించి ఇస్తారు సార్?" అన్నాడు గువ్వలమిట్ట సర్పంచి బాలన్న.

"ముందుగా, ఇక్కడ ఏం జరిగిందో చెప్పండి."

"ఎప్పుడు సార్?"

"పూర్వం."

జనం ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఒక పెద్దాయన లేచి, కలరా వచ్చి వాళ్ల తాత తమ్ముడు పోయినాడని చెప్పాడు.

"వ్యాధులు వైద్య శాఖ," అన్నారు మార్కండేయులు గారు.

"అడవిపందులు దిగి చెనిక్కాయ చేలన్నీ ఉత్తచేసినాయి సార్, ఒక సంవత్సరం."

"అటవీ శాఖ."

"మాకు కరెంటొచ్చిన రోజు ఊరంతా నిద్రపోలేదు సార్. బల్బును చూస్తా కూచున్యాం."

"విద్యుత్ శాఖ."

అప్పుడు సాలమ్మ కూర్చున్న చోటు నుంచే గొంతు పెంచింది. "పెద్ద కరువులో ఈడనే గంజి కాంచినారు సామీ. రెండూళ్లదీ ఒకటే కుండ. ఇప్పుటికీ బడి తెరిచిన నాడు ప్రతి ఇంటోళ్లూ పిడికెడు గింజలు దెచ్చి ఆ కుండలో ఏస్తాం. కొర్రలో, సద్దలో, ఏవుంటే అవి. పిల్లోళ్లు ఆ గంజి తాగినాంకనే పలక పట్టాల."

"కరువు రెవెన్యూ శాఖ. గంజి పౌర సరఫరాల శాఖ," అన్నారు మార్కండేయులు గారు తల ఎత్తకుండా.

"ఆ కుండ మా గువ్వలమిట్టది," అంది సాలమ్మ, అడగకపోయినా.

"ఎవురు జెప్పినారు?" అని నాగులవంక వైపు నుంచి ఒక ముసలామె లేచింది. "కుండ మాది. మీకు ఆనాడు కుండ యాడిది, అన్నీ అమ్ముకు తినుంటిరి."

"నువ్వు జూసినావా?"

"నువ్వు జూసినావా?"

ఇది కొత్త తగాదా కాదు. బడిగంజి కాచిన ప్రతిసారీ ఈ కుండ తగవు రావలసిందే. అందుకే ఒక ఏడాది ఈ ఊరి కుండ, మరుసటి ఏడాది ఆ ఊరి కుండ అని ఏనాడో ఒప్పందం చేసుకున్నారు.

"కుండ ఎవరిదైనా ఫరవాలేదు," అన్నారు మార్కండేయులు గారు ఓపికగా. "కత్తి ఎవరిది?"

లేచిన ముసలామె కూర్చుంది.

"అమ్మా, కత్తి లేని దానిని శాఖ ఘట్టముగా పరిగణించజాలదు. ఉత్తర్వుల అనుబంధములో నాలుగే ఉన్నవి. యుద్ధము, ముట్టడి, వీరమరణము, రాజద్రోహము. వీటిలో మీకేది కావలెను?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముట్టడికి కోట గోడ ఉండాలి. రాజద్రోహానికి రాజు ఉండాలి. గోడ, రాజు లేకుండా అయ్యేది యుద్ధం ఒక్కటే కనబడింది.

"అదియే సముచితము," అన్నారు మార్కండేయులు గారు. "రెండు గ్రామములు ఇంత దగ్గరగా ఉండియు పోరాడకుండుట శాస్త్రీయముగా అసాధ్యము. మీరు పోరాడి మరచిపోయి ఉందురు."

*

గెలిచిందెవరు, ఓడిందెవరు అన్న దగ్గర కథ అడ్డం తిరిగింది. గెలిచిన ఊరికి శాఖ ఒక స్వాగత ద్వారం కట్టిస్తుంది. ఓడిన ఊరికైతే వీరుడి విగ్రహం, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ, ఏటా ఒక సెలవు. ఈ సంగతి చదివి వినిపించగానే బాలన్న లేచి నిలబడ్డాడు.

"సార్, మేం ఓడిపోయినాం."

"అబద్దం," అంది నాగులవంక సర్పంచి పార్వతక్క. "ఓడింది మేం. మా ఊరు పల్లంలో ఉండాది. పైనుంచి రాళ్లు దొల్లించినారు సార్ వీళ్లు, మా పాతోళ్లు నలిగిపోయినారు."

"అక్కా, మేమెప్పుడన్నా రాయి ఎత్తినామా? మావోళ్లు చేతకానోళ్లు. ఊరందరికీ తెల్సు."

"మావోళ్లకంటే చేతకానోళ్లా మీరు? మావోళ్లు కోడిపుంజును గూడా అదిలించలేరు."

రెడ్డెమ్మకు ఎటు పలకాలో తెలియలేదు. ఓడిపోవడంలో తన పుట్టింటి పరువూ ఉంది, మెట్టినింటి పరువూ ఉంది. పక్కనున్న అత్తేమో, "మ్మే, మీవోళ్లకు సెలవు గావాలని ఎంత దిగజారినారో చూడు," అని మోచేత్తో పొడిచింది.

చివరికి మార్కండేయులు గారే దారి చూపించారు. యుద్ధంలో ఉభయ పక్షాలూ సమూలంగా మరణించాయి. అప్పుడు ఇద్దరికీ విగ్రహం వస్తుంది, ఇద్దరికీ సెలవు వస్తుంది. జనం చప్పట్లు కొట్టారు. దరఖాస్తులో కారణం అన్న గడిలో ఆత్మగౌరవం అని రాశారు. అది ఏ యుద్ధానికైనా సరిపోతుందని మార్కండేయులు గారు అనుభవంతో చెప్పారు. యుద్ధం జరిగిన చోటు రెండూళ్లకూ సమాన దూరంలో ఉండాలి కాబట్టి నడిమిదిన్నె అని నిర్ణయమైంది. ఉగాదికి ముందే ఉత్తర్వు వచ్చింది. నడిమిదిన్నె మహాసంగ్రామం మంజూరైంది.

బడి నిలిచిందని రెడ్డెమ్మ ఆ రోజు శనగపప్పుతో పాయసం చేసింది.

*

చరిత్ర వచ్చాక ఇంట్లో కాస్త సందడి పెరిగింది. శాఖ వేయించే సంగ్రామ ప్రదర్శనలో రెడ్డెమ్మ మొగుడు ఓబులేసు ఈ ఊరి సేనాపతి, ఆమె తమ్ముడు శీనయ్య ఆ ఊరి సేనాపతి. ఇద్దరూ సాయంత్రం పూట పెరట్లో అట్టకత్తులతో సాధన చేసేవాళ్లు.

"బావా, కడుపులో పొడవాకు. ఇప్పుడే సంగటి తినొచ్చినా."

"యాడ పొడవాల్నో నువ్వే చూపీ."

"భుజం మీద తట్టు. నేను పడిపోతాలే."

సాలమ్మ మెట్టు మీద కూర్చుని కోడలికి వినబడేటట్టు అనేది, "మా వంశాన్నంతా నరికినారంట గదా మీవోళ్లు. ఇన్నాళ్లూ జెప్పలా."

"మీవోళ్లు మావోళ్లను నరికినారు గదత్తా. సరికి సరి. సంగటి పెట్టేదా?"

"పెట్టు. నంజుకునేదానికి ఏముంది?"

రెడ్డెమ్మ బాధంతా పరీక్ష గురించి. ఒకటో తరగతికీ స్ఫూర్తి పాఠంలో పరీక్ష ఉంటుందన్నారు. తను చదువుకున్న పుస్తకాల్లో ఈ యుద్ధం లేదు కాబట్టి తనే ముందు బట్టీ పట్టి, తర్వాత బిడ్డకు నేర్పింది. జశ్విత తల దువ్వించుకుంటూ అప్పజెప్పేది.

"యుద్ధము ఎప్పుడు జరిగెను?"

"పూర్వము."

"ఎందులకు జరిగెను?"

"ఆత్మగౌరవము."

"ఎవరు మరణించిరి?"

"అందరూ." జశ్విత అద్దంలోంచి అమ్మను చూసింది. "అమ్మా, అందరూ చచ్చిపోతే అవ్వ యాన్నుంచి వచ్చింది?"

"అది పరీచ్చలో అడగరు. తల కదపొద్దు."

అడగరని ఆమె అనుకుంది. అడిగేవాళ్లు వేరే ఉన్నారు.

ముందుగా గేటు దగ్గర బోర్డు పాతారు. ఇది పవిత్ర యుద్ధభూమి, పాదరక్షలు విడువవలెను. మార్చి ఎండలో పిల్లలు గేటు నుంచి వరండా దాకా గెంతుకుంటూ పోయేవాళ్లు. వీరుల మీద గెంతుట అనుచితమని రెండో బోర్డు పెట్టారు. కాలు నెమ్మదిగా వేస్తే కాలుతుంది, గెంతితే అనుచితం. రెడ్డెమ్మ కూతురికి మేజోళ్లు కొనిపెట్టింది.

తర్వాత మరుగుదొడ్డి గుంత తవ్వకం ఆపించారు. తవ్వితే ఎముకలు దొరుకుతాయేమోనని జనం అనుకున్నారు. దొరకవేమోనన్నది శాఖ ఆందోళన. ఆ తర్వాత ఆటలు పోయాయి. ఆపైన, అమరుల నిద్రకు భంగం కలగకుండా ఎక్కాలు గొంతు తగ్గించి చెప్పాలన్నారు. ఒకరోజు రెడ్డెమ్మ క్యారియరు ఇవ్వడానికి పోతే, తరగతి గది నిండా పిల్లలు రెండు రెళ్లు నాలుగని గుసగుసలాడుతున్నారు. ఏదో రహస్యం దాస్తున్నట్టుగా ఉంది.

ఏప్రిల్ చివర్లో అసలైన ఉత్తర్వు దిగింది. రక్షిత యుద్ధభూమి యందు జనసంచారము కూడదు. కావున బడిని ఖాళీ చేసి, విద్యార్థులను జూన్ నుంచి మండలమునకు తరలించవలెను. బస్సును శాఖయే ఏర్పాటు చేయును.

రెడ్డెమ్మ చెప్పులు విడిచే సంగతి కూడా మరిచిపోయి ఖాదర్‌వలీ సారు గది దాకా నడిచిపోయింది.

"సార్, చరిత్ర లేకుంటే బడి తీసేస్తామన్నారు. ఇప్పుడుంది గదా."

"ఉందమ్మా. బడి ఉన్న చోటనే ఉంది. రెండింటికీ చోటు చాలదంట."

"మనం చరిత్ర తెచ్చుకునిందే బడి కోసం గద సార్."

"ఆ మాట నేను రాసి పంపినా. సంగ్రామం బడి కంటే ప్రాచీనమైనది గాబట్టి దానికే ముందు హక్కు అని జవాబొచ్చింది."

ఆ సాయంత్రం ఓబులేసు ఆమెను ఓదార్చబోయాడు. "బస్సు రాకుంటే నా ఆటోలో దింపుతాలే పాపను."

"బాడుగలొచ్చినప్పుడు?"

"ఆపొద్దు బస్సులో పోతాది."

"బస్సు రానపుడు?"

ఓబులేసు అట్టకత్తిని గోడకు ఆనించి ఊరుకున్నాడు. తన చదువు మీద ఎప్పుడూ నోరెత్తని పెండ్లాం, ఆ పూట అన్నం ముందు కూర్చుని, "నాకు బీజగణితం అప్పుడే అర్థమైతా ఉండె," అంది.

*

బడిని స్వాధీనం చేసుకునే రోజున మార్కండేయులు గారు మళ్లీ వచ్చారు. వెనకటి హుషారు లేదు. టీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నారు. రెండూళ్ల జనం వరండా కింద నిలబడ్డారు. చివరికి ఆయన చంకలోని ఫైలు తెరిచి, పైకార్యాలయం నుంచి వచ్చిన ఆక్షేపణ చదివారు.

"సంగ్రామమందు ఉభయ గ్రామముల వారును సమూలముగా మరణించినట్లు మీరు నివేదించియున్నారు. అయితే సదరు గ్రామములందు ప్రస్తుతము జనాభా కలదని జనగణన శాఖ తెలియజేయుచున్నది. ఈ వ్యత్యాసమును తక్షణము వివరించవలెను. వివరించలేని పక్షమున సంగ్రామమును గానీ జనాభాను గానీ రద్దుపరచవలసి యుండును."

పార్వతక్క వెనక్కి తిరిగి తన ఊరివాళ్ల తలలు లెక్కబెట్టింది.

"జనాభాను రద్దంటే ఎట్లా సార్?" అన్నాడు బాలన్న.

"విధానము ఇంకా రూపొందించలేదు. రేషను కార్డులతో ప్రారంభించవచ్చును."

"అయితే యుద్ధాన్నే రద్దు చెయ్యండి సార్."

"చేయవచ్చును. అప్పుడు మీకు చరిత్ర ఉండదు. బడి విలీనమగును."

రెడ్డెమ్మ రెండు వేళ్లు మడిచి చూసుకుంది. యుద్ధం ఉంటే బడి పోతుంది. యుద్ధం పోయినా బడి పోతుంది. రెండు దారులూ ఆ పాడు బస్సు దగ్గరికే పోతున్నాయి. జశ్విత ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి, కొత్త మేజోళ్లకు పడిన చిల్లులోంచి బొటనవేలు బయటికి తీస్తోంది.

"సార్," అంది రెడ్డెమ్మ. తన గొంతు తనకే సన్నగా వినబడింది. "అందరూ చచ్చిపోలేదు సార్."

మార్కండేయులు గారు తలెత్తారు. "ఆధారము?"

"మేముండాం గద సార్."

వెనక ఎవరో నవ్వారు. కానీ మొదలుపెట్టిన మాట ఇప్పుడు మింగితే జూన్ వచ్చేస్తుంది.

"మా అవ్వ చెప్తా ఉండె సార్. పెద్ద కరువులో ఈ దిన్నె కింద ఒక చెలమ ఉండెనంట. రెండూళ్లకీ అదే దిక్కు. నీళ్లు మావంటే మావని ఒకనాడు మొగోళ్లు కర్రలెత్తుకోని దిన్నె మీదికొచ్చినారంట, ఇట్లా ఒకరు, అట్లా ఒకరు."

"కర్రలు దెచ్చింది మీ నాగులవంకోళ్లే," అంది సాలమ్మ.

"ఇద్దరూ తెచ్చినారులే అత్తా. అప్పుడు ఆడోళ్లు, మూడు దినాలుగా తిండి లేనోళ్లు కొట్టుకుంటే ఏం జూస్తాం, ఏమన్నా తాగి కొట్టుకోండి అని ఇండ్లలో మిగిలిన గింజలన్నీ తెచ్చి ఒక కుండలో ఏసినారంట. ఏ ఇంట్లోనూ పిడికెడుకు మించి లేవు. కుండైతే పెట్టినారు, పొయ్యిలోకి పుల్ల ల్యా. చెట్లన్నీ ఎండి ఎప్పుడో కాలిపోయినాయి. అందుకని మొగోళ్ల చేతిలో కర్రలు అడిగి తీసుకోని పొయ్యిలో పెట్టినారంట."

"ఆ కుండ..." అని నాగులవంక ముసలామె నోరు తెరిచింది. పార్వతక్క ఆమె చెయ్యి నొక్కింది.

"ఉడికినాంక తాగినారు. తాగినాంక కొట్టుకునే ఓపిక ల్యాక ఈడనే పండుకున్నారంట సార్, ఆ ఊరోళ్లు, ఈ ఊరోళ్లు కలగలిసి. మర్నాడు లేసి మళ్లా కాంచినారు. వానలు పడేదాకా అట్లనే. పిల్లోళ్లు ఆకలికి గోల జేస్తాంటే, గంజి ఉడికేదాకా గమ్మున కూచోండని ఒకాయప్ప ఇసకలో అక్షరాలు దిద్దిపిచ్చినాడంట. అట్లొచ్చిందే ఈ బడి. యుద్ధం జరగబోయిన మాట నిజమే సార్. జరగల్యా. జరిగుంటే మేముండం."

మార్కండేయులు గారు ఫైలు మోకాలి మీద పెట్టుకున్నారు. తర్వాత కలం మూత తీశారు.

"జరగని యుద్ధమును నమోదు చేయుటకు గడి లేదమ్మా. మంజూరైన యుద్ధమును రద్దు చేయుట నా పరిధిలో లేదు." ఆయన కలం కాగితం మీద ఆనింది, ఆగింది, మళ్లీ కదిలింది. "అయితే ఇట్లు వ్రాయవచ్చును. సంగ్రామ సమయమున కొందరు గంజి తాగుచుండిరి. యుద్ధము చేసినవారు మరణించిరి. గంజి తాగినవారు జీవించిరి. ప్రస్తుత జనాభా యావత్తు గంజి తాగినవారి సంతతి."

"అట్ల గాదు సార్, అందరూ తాగినారు," అంది రెడ్డెమ్మ.

"అందరూ అని వ్రాసినచో విగ్రహములు వెనుకకు ఇచ్చివేయవలెను." ఆయన గొంతు తగ్గించారు. "నియమావళిలో ఒక మాట ఉన్నది. జనాభా మనుగడకు కారణమైన ఆచారమును నిలిపివేయరాదు, స్థలము మార్చరాదు. గంజి ఇక్కడే కాచవలెను. తాగుటకు పిల్లలు ఉండవలెను. పిల్లలు ఉండుటకు బడి ఉండవలెను."

రెడ్డెమ్మ ఆ మాటను రెండుసార్లు మనసులో తిరగేసింది. ఎక్కడా బస్సు కనబడలేదు.

"రాయండి సార్," అంది.

*

జూన్‌లో బడి తెరిచారు. విగ్రహాలు రెండూ వచ్చాయి. ఒకే అచ్చులో పోసినట్టున్నారు, ఇద్దరు వీరులదీ ఒకటే మీసం. చేతుల్లో బారెడు కత్తులు. ఖాదర్‌వలీ సారు వద్దన్నా పిల్లలు ఆ కత్తులకు పుస్తకాల సంచులు తగిలించి, చుట్టూ అరుచుకుంటూ పరిగెత్తుతున్నారు. జనాభా మనుగడకు అరుపులు అవసరమని సారు తన రిజిస్టరులో రాసుకున్నారు.

ఆ ఏడు కుండ వంతు నాగులవంకది. సాలమ్మ దానికి చిల్లి ఉందేమోనని రెండుసార్లు వంచి చూసింది. తల్లులు వరసగా వచ్చి పిడికెడు గింజలు వేశారు. రెడ్డెమ్మ గరిటె పట్టుకుని, ఒక కన్ను కుండ మీద, ఒక కన్ను జశ్విత పరుగు మీద పెట్టింది. కొత్త పుస్తకంలో ఒక పేజీ చేరింది. అందులో యుద్ధం చేసినవారు, గంజి తాగినవారు వేరువేరుగా ఉన్నారు. జశ్విత పరీక్షలో అట్లాగే రాయాలి. ఇంటి దగ్గర మాత్రం రెడ్డెమ్మ కర్రలు పొయ్యిలో పెట్టిన సంగతి చెప్పింది. ఏది పుస్తకానిదో ఏది మనదో కలగలపవద్దని మూడు మాట్లు హెచ్చరించింది. బిడ్డ కలిపేస్తుందని ఆమె దిగులు ఆమెకు ఉండనే ఉంది.

తనిఖీకి వచ్చిన మార్కండేయులు గారికి ఒక గ్లాసు ఇచ్చింది. ఆయన వరండా అంచున కూర్చుని, ఊదుకుంటూ తాగారు.

"ఉప్పు సరిపోయినాదా సార్?"

"సరిపోయిందమ్మా." ఆయన మామూలు మనిషిలా మాట్లాడటం రెడ్డెమ్మ మొదటిసారి వింది. "ఇంతకీ, ఆ కుండ ఎవరిది?"

"తెల్దు సార్. ఎవురి కత వాళ్లది. మా అవ్వకు తెల్సు, ఆయమ్మ చిన్నపిల్లగా ఆడనే ఉండె. అడగాల అడగాల అనుకుంటా ఉండంగానే పాయె. అన్ని మాటలు జెప్పింది గానీ, ఆ ఒక్కటి నేను అడగల్యా."

ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. "మా ఊరికి ముట్టడి ఇచ్చారమ్మా. ఫైలు మీద నేనే సంతకం చేశాను."

"నిజంగా ఏం జరిగుండాది సార్ మీ ఊర్లో?"

రెడ్డెమ్మ ఇంకో పిల్లకు గంజి పోసి మళ్లీ అటు తిరిగింది.

"మా మేనత్త ఉంది," అన్నారాయన. "చాలా పెద్దామె. ఎప్పుడు పోయినా ఏదో చెప్పబోతుంది. నాకు పని ఉంటుంది, లేచి వచ్చేస్తాను."

"చెవులు ఇనపడ్తాయా ఆయమ్మకు?"

"ఒక వైపు."

"మాట?"

"మాటకేం, గలగలా మాట్లాడుతుంది."

"అయితే ఇంగా ఈడ కూచోని ఏం జేస్తాండారు సార్?"

మార్కండేయులు గారు ఆమె వైపు చూశారు. గ్లాసు కడిగి వరండా మీద బోర్లించి, తనిఖీ పుస్తకం తెరవకుండానే జీపు ఎక్కారు. జీపు దిన్నె దిగి, మండలం రోడ్డు కాకుండా ఎడమకు తిరిగింది.

ఖాదర్‌వలీ సారు సుద్దముక్కతోనే బయటికొచ్చారు. "తనిఖీ చెయ్యకుండా యాడికి పోయినారమ్మా సారు?"

"ముట్టడి సంగతి కనుక్కునేదానికి పోయినాడు సార్," అంది రెడ్డెమ్మ, కూతురి మూతికంటిన గంజి కొంగుతో తుడుస్తూ. "వచ్చేసరికి పొద్దుగూకుతాది. ఆ సంతకమేదో మీరే పెట్టుకోండి."